నెమళ్ల గేటు తీసింది నేనే

నా పెనిమిటి నన్ను మొదాలు చెంబుతోటి కొట్టేటోడు. చెంబుకు సొట్టవడితే ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ, నీ నెత్తికి తాకే ఖరాబైందని. ఆ తర్వాత ముల్లుగర్రతోటి. మా ఊరు రావల్కోల్ల మాకు ఎకరంనర భూమి ఉండె. ఎద్దులను అమ్మినం గని ముల్లుగర్రను మాత్రం ఆయన అమ్మలే. అది నాకోసం దాసిపెట్టుకున్నడు.

ఒకనాడు పొద్దుగూకంగ తాగి, తూంకుంట కాడ కరీంనగర్ రోడ్డు దాటుతుంటె లారీ గుద్దింది. మూటగట్టి తెచ్చిండ్రు. శవం మీద పడి ఏడువుమని మా ఆడిబిడ్డ నా మెడ వట్టి వంచింది. నాకు ఏడుపు రాలే. గాజులు పలగ్గొట్టేటప్పుడు ఒక పెంకు మణికట్టుల దిగి రక్తం కారింది. ఆ రక్తాన్ని సూసి, ఇగో, ఇది ఆయన కొట్టే ఆఖరు దెబ్బ అనుకున్న. అప్పుడు నా మనసు ఎంత నిమ్మలమైందో చెప్తే మా కులపోళ్లు నన్ను ఇంట్లకు రానియ్యరు.

నాకు సదువు సంతకం కాడికే. నేను చెప్తాంటే ఒకామె రాస్తాంది. ఎట్ల చెప్తె గట్లనే రాయుమన్న.

ఇప్పుడు చెప్పేది ఇంకో రక్తం సంగతి. అది నా చేతులతోటి నేను గుంజుకొచ్చింది.

షామీర్‌పేట దాటినంక, రోడ్డుకు బాగ లోపటికి, ఒక పాత ఇల్లు ఉండె. దెబ్బలు తిని ఇల్లిడిసి వచ్చిన ఆడోళ్లు అండ్ల దాక్కునేటోళ్లు. ఆ ఇల్లు పెట్టింది ఆపా, అంటే అక్క. ముసల్మానులామె, నాకంటే పదేండ్లు పెద్దది, మేడ్చల్ల బట్టలు కుట్టేది. ఆమెకు ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డను అల్లుడు గొంతు పిసికి సంపిండు. బిడ్డను మట్టిల పెట్టొచ్చిన నెలకే, పక్క గల్లీల దెబ్బలు తింటున్న ఒకామెను ఆపా తన మిషన్ ఎన్క దాసింది. గట్ల మొదలైంది. నేను బట్టలు కుట్టిచ్చుకోనీకి పోయినదాన్ని, అన్నం వండనీకి అక్కడనే ఉండిపోయిన.

ఇద్దరం ఆడోళ్లం, ఒక మిషను, ఒక పొయ్యి. గట్ల ఎన్ని దినాలు నడుస్తది? అప్పుడు దవాఖానల ఒక డాక్టరమ్మ మా సంగతి ఫౌండేషనోళ్లకు చెప్పింది. ఒక మేడం ఆటోల వచ్చి, చాప మీద కూసోని, ఆపా ఇచ్చిన చాయ్ తాగి ఒక్కటే మాట అడిగింది. "ఆడోళ్ల మొగోళ్లు వచ్చి తలుపు తంతే ముందుగాల లేసేది ఎవలు?"

"నేను" అన్న.

"తర్వాత?"

"ఆపా."

"ఆ తర్వాత?"

ఆ తర్వాత ఇంకెవ్వలు లేరు. మేడం తన బుక్కుల ఏదో రాసుకున్నది.

ఈ ఫౌండేషన్ ఏం జేస్తదో నాకు సమజ్ కానీకే రెండేండ్లు వట్టింది. దానికి సొంతంగ బడి లేదు, దవాఖాన లేదు, ఆశ్రమం లేదు. మేడ్చల్ చుట్టుముట్టు ఇయ్యాల్నని మనసున్నోళ్లు మస్తుమంది ఉన్నరు. మందుగోలీల కంపెనీ ఉంది. పింఛను వచ్చే ఒక టీచరమ్మ ఉంది. పెద్ద పెద్ద ఇండ్లళ్ల ఉండేటోళ్లు ఉన్నరు. భూములమ్ముకోని చేతుల పైసలాడే రైతులున్నరు. ఇట్లాంటోళ్లంత ఇచ్చింది ఒక్కకాడ కలిపి, మా అసొంటి చిన్న చిన్నోళ్లకు అందిస్తరు. చెవులు వినవడని పిల్లల బడికి ఒక బస్సు. ముసలోళ్ల ఇంటికి ఒక నర్సమ్మ. మాకు ఇంటి కిరాయి, గ్యాసు, పదిహేను దినాలకొకసారి వచ్చే వకీలమ్మ. ఆపాకు లెక్కల కితాబు రాసుడు గూడ నేర్పిండ్రు.

మేడం ఒకసారి నాకు ఇట్ల చెప్పింది. "ఒక్కలే ఇస్తే వాళ్ల ముందల మీరు చేతులు కట్టుకోని నిలవడాలె. అందరిది కలిస్తే ఎవ్వలకు మొక్కే పని లేదు. అందుకే నడుమ మేమున్నం."

నేను తలూపిన గని ఆ మాట నాకు దిగలే. మొక్కకుంటె ఎట్ల? మా ఊర్ల ఒకాయన బోరింగు ఏపిస్తే డప్పులు కొట్టి, బొట్టు వెట్టి, షాలువ గప్పి, ఫొటో దిగుతరు. ఇచ్చినోన్ని ఉత్త మెడతోటి పంపిస్తే ఊరికే పరువు తక్కువ. నేను గా ఊరి మనిషిని.

ఇంకో ఖరారు గూడ ఉండె. ఇచ్చినోళ్లెవ్వలకు మా ఇల్లు చూపియ్యరు. ఫొటోలు తియ్యరు. కాయితం మీద సంతకం వెట్టిపిచ్చేటప్పుడు మేడం సదివే వినిపిచ్చింది. నేను విన్న. ఇగో, గీ ముచ్చటల నేను ఎర్కలేదని చెప్పుకోనీకి లేదు.

సూరారం నుంచి ఒక పిల్ల వచ్చింది మా కాడికి. ఇరవై రెండేండ్లు ఉంటయేమో. దాని మొగడు నీళ్ల ట్యాంకర్ నడిపేటోడు. కూరల ఉప్పు తక్కువైందని దౌడ ఇరగ్గొట్టిండు. డాక్టర్లు పండ్లకు తీగలు చుట్టి నోరు కట్టేసిండ్రు. నెలన్నర దినాలు నేనే జొన్న అంబలి పల్చగ కలిపి, గొట్టంతోటి తాగిపిచ్చిన. పెదవుల సందులకెళ్లి "పెద్దమ్మా" అనేది. ఎటన్నవోతే పాతాళంల ఉన్నా ఏరుకొచ్చి కోస్తనని మొగడు దానికి చెప్పి ఉన్నడట. అది గేటు దిక్కు వీపు పెట్టి ఒక్క దినం కూసోలే. ఆఖరికి తీగలు తీసిండ్రు. అప్పుడప్పుడే మళ్ల నవ్వుడు నేర్సుకుంటాంది.

అంతకుముందు మా ఇంట్ల అందరం కిందనే పండుకునేటోళ్లం. ఒకనాటి వానకు తేలు వచ్చి ఒకామెను కుట్టింది. తర్వాత నెలల ఇనుప మంచాలు వచ్చినయ్. ఇచ్చింది తూంకుంట పటేల్ అని మేడ్చల్ మీటింగుల తెలిసింది. ఏడాదికొకసారి ఫౌండేషనోళ్లు ఫంక్షన్ హాలుల ఇచ్చేటోళ్లను, తీసుకునేటోళ్లను ఒక్కకాడ కూసోపెడ్తరు. స్టేజీ ఉండదు. గుండ్రంగ కుర్సీలు. ఎవలేం ఇచ్చిండ్రో ఒక మాటల చెప్పి, చాయ్ తాగి, ఎవలింటికి వాళ్లు పోతరు. ఒక పూవు లేదు, ఒక షాలువ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

బయట చెప్పులు తొడుక్కుంటుంటె ఆయన కాడికి పోయిన.

"పటేలా, మంచాలు మీరే ఇచ్చిండ్రంట."

ఆయన నవ్విండు. "ఇచ్చిన్నో, బావిల ఏసిన్నో నాకేం ఎర్కనమ్మా? కండ్లతోటి సూద్దామంటే మీ మేడం ఇల్లే చూపియ్యకపాయె."

"మేడం సదువుకున్నామె, ఆమెకు మన పద్ధతులు ఏం తెలుస్తయ్? మీరు రాండ్రి. ఆకుపచ్చ గేటు, మీద రెండు రేకు నెమళ్లుంటయ్. ఎవలనడిగినా చెప్తరు."

నేనే చెప్పిన. నా నోటితోటి.

తెల్లారి మేడ్చల్‌కు పోయి ఎర్ర అంచు షాలువ కొనుక్కొచ్చి బియ్యం డబ్బల దాసిన. ఆయన వచ్చిన దినం ఆపా ఒకామెను తీస్కోని కోర్టుకు పోయింది. నాకు మంచిదే అయిందనిపిచ్చింది. పటేల్ ఎంబడి ఇద్దరు మనుషులు, అరటిపండ్ల గెల, మిఠాయి డబ్బ. ఆయన లోపటికొచ్చి మంచం పట్టె మీద చెయ్యి పెట్టిండు. "మా అమ్మ పసుల కొట్టంల పండుకునేది, మా నాయిన తన్ని బయట నూకితే" అన్నడు మెల్లగ. ఆయన మంచోడే. ఇది మంచోళ్ల నడుమ అయిన కథ.

ఆడోళ్లందర్ని వాకిట్లకు పిలిచిన. సూరారం పిల్ల తలుపు ఎన్క నిలవడ్డది, కొంగు మొఖం మీదికి గుంజుకోని.

"నేను రాను పెద్దమ్మా. ఫొటో వద్దు."

"సిగ్గేందే? పండుకోనీకి మంచమిచ్చినోనికి మొఖం చూపియ్యవా? దా!" అని చెయ్యి వట్టి గుంజిన. కొంగు నేనే పక్కకు జరిపిన. ఎలుతురు మంచిగుంటదని గేటు ముందల నిలవెట్టిన. నేను షాలువ గప్పుతుంటె అందరితోటి సప్పట్లు కొట్టిపిచ్చిన. ఆయన ఎంబడి వచ్చినోడు ఫోన్ల ఫొటో తీసిండు.

పోయేటప్పుడు ఆయన షాలువ కుర్సీ మీదనే ఇడిసిపోయిండు. ఇంట్ల అసొంటివి బీరువనిండ ఉంటయి గావచ్చు. తెల్లారి ఆపా సూసి, "ఇదేంది చెల్లె, కొత్తగున్నది?" అన్నది.

"నేనే కొనుక్కున్న. సలికి."

"ఎండకాలం ముందల సలా? నీకు పైత్యం జేసింది" అని నవ్వి, మలిచి వంటింట్ల మొల మీద ఏసింది.

అటెన్క నెలదినాలకు కూరగాయలకని షామీర్‌పేట బస్ స్టేజి కాడ దిగిన. పటేల్ పుట్టినరోజంట, ఆయన ఎంబడి తిరిగేటోళ్లు చౌరస్తల ఇంటి ఎత్తు ఫ్లెక్సీ ఏసిండ్రు. మీద ఆయన మొఖం, కింద మా ఫొటో. నన్ను నేను సూసుకోని నిలవడ్డ. అంతపెద్దగ నన్ను నేను ఎన్నడు సూసుకోలే. పూలమ్మేటామెకు గూడ చూపిచ్చిన, "ఆ షాలువ గప్పేది నేనే" అని. ఆమె ఒక మూర మల్లెపూలు కోసియ్యబోయి, నా బోడి నొసలు సూసి ఆగింది.

అప్పుడు ఫొటోల నా పక్కన సూరారం పిల్ల కానొచ్చింది. దౌడ మీద కుట్టు గీత గూడ సాఫ్‌గ కానొస్తాంది. ఎన్క రెండు నెమళ్లు. సంచి కింద పెట్టి ఇంకోసారి సూసిన. మల్ల నాకు నేనే చెప్పుకున్న, సూరారం ఏడ, షామీర్‌పేట ఏడ, వానికి ఇటు రానీకి పనేముంది అని. బెండకాయలు కొనుక్కోని ఇంటికి వచ్చిన. ఎవ్వలకు చెప్పలే. చెప్తే ముందుగాల గేటు తీసిన ముచ్చట చెప్పాలె గద.

ట్యాంకర్ నడిపేటోడు నీళ్లు యాడ తక్కువుంటె ఆడికల్ల పోతడు. గది నాకు యాదికి రాలే. వాళ్లకు ఇండ్ల నంబర్లు ఎర్క ఉండయ్, గేట్లు ఎర్కుంటయ్.

ఎండలు ముదిరినయ్. మా బోరు ఎండింది. మంగళారం మంగళారం ఒక ముసలి డ్రైవరు ట్యాంకర్ తెచ్చేటోడు, ట్యాంకరోళ్లందరి లెక్కనే రెండుసార్లు హారన్ కొట్టేటోడు. ఆ మంగళారం పదిగొట్టంగ నేను రొట్టెలు చేస్తున్న. రెండుసార్లు హారన్ ఇనవడ్డది. చేతులకు పిండి ఉన్నది ఉన్నట్టే పోయి, సందులకెళ్లి సూడకుండ, గడియ తీసిన. రెండు రెక్కలు బార్ల తెరిసిన.

ట్యాంకర్ సగం లోపటికి వచ్చి ఆగింది. గేటుకు అడ్డం. ఇగ ఎవ్వలు బయటికి ఉరుకనీకి లేదు. దిగినోడు ముసలోడు గాదు. పల్చగ, పొడుగ్గ ఉన్నడు, చేతుల గడ్డి కోసే కొడవలి.

"ఎక్కడే నా పెండ్లాం?"

నేను అడ్డం వోయిన. మోచేతితోటి రొమ్ము మీద గుద్దిండు. ఎల్లెల్కల పడ్డ. పిల్ల బట్టలు ఉతుకుతాంది బండ కాడ. వాని గొంతు ఇని లేసింది గని కాళ్లు కదల్లే. కోడిని పాము సూసినప్పుడు గట్లనే నిలవడ్తది. వాడు జుట్టు ఎడమ చేతికి సుట్టుకోని ఆమె తలకాయను బండకేసి కొట్టిండు. ఒకసారి. రెండోసారి. సబ్బు నురుగుల రక్తం కలిసి పింకు రంగుల కారింది. అయినా అది అరువలే. దౌడ ఇరిగినకాంచి అరుసుడు మరిసిపోయింది. కొడవలి ఎత్తిండు. మెడకు ఏసిండు గని ఆమె తల తిప్పింది. చెవు తెగి, కొడవలి బుజంల దిగింది.

మిగిలిన ఆడోళ్లు అర్రల్లకు ఉరికి గడియలు పెట్టుకున్నరు. నేను వాళ్లను తప్పువట్ట. వాళ్ల వీపులు నాకు ఎర్కే.

నేను వంటింట్లకు ఉరికిన. పొయ్యి మీద పెనం కాలి ఎర్రగున్నది, రొట్టె మాడి పొగ వస్తాంది. మొల మీది షాలువ గుంజి, చేతులకు సుట్టుకోని, పెనం ఎత్తిన. ఉరికి పోయి వాని మొఖం మీద కొట్టిన. చర్మం సుర్రుమన్నది. ఆ సప్పుడు నాకు ఇప్పటికీ ఇనవడ్తది. వాడు తిరిగి గుడ్డిగ కొడవలి ఏసిండు. షాలువ చీలింది, నా చేతి ఏళ్లు రెండు చీలినయ్. నాకు నొప్పి తెల్వలే. ఇంకోటి కొట్టిన మోకాలి మీద. పడ్డడు. ఇంకోటి చేతి మీద. కొడవలి జారింది. ఇంకోటి, ఇంకోటి. వాడు "అమ్మా" అన్నడు. నేను ఆగలే. నా పెనిమిటిని కొట్టని దెబ్బలన్ని అప్పుడు నా చేతులల్లకు వచ్చినయ్. పెనం తలకాయ మీదికి ఎత్తి పట్టుకున్న. అది దిగితే వాడు సచ్చేటోడే. సంపాల్ననే ఉండె నాకు. ఇప్పుడు చెప్పుకుంటున్న, సిగ్గు లేకుండ, సంపాల్ననే ఉండె.

పెరట్లకెళ్లి ఉరికొచ్చి ఆపా ఎన్కకెళ్లి నా నడుము పట్టింది. "బస్ చెల్లె! బస్! నువ్వు జైలుకు పోతే ఈళ్లకు బువ్వ ఎవలు వండుతరు?"

గా మాటకు నా చేతులు దిగినయ్. పెనం పక్కన పడ్డది. ఆపా వాని చేతులు వాడు తెచ్చిన ట్యాంకర్ పైపుతోటే కట్టింది.

పోలీసోళ్లు వచ్చిండ్రు, వాన్ని తీస్కపోయిండ్రు. పిల్లను అంబులెన్సుల ఎక్కిచ్చేటప్పుడు దాని తెగిన చెవు ముక్కను షాలువల చుట్టి పట్టుకోని నేను గూడ ఎక్కిన. అతుకుతరేమోనని. డాక్టరు సూసి తల అడ్డంగ ఊపిండు.

ఆ దినం చీకటి పడకముందే ఇంటి ఓనర్ వచ్చి సామాన్లు తీయుమన్నడు. గల్లీ అంత గేటు కాడ జమైంది. ఒకాయన గట్టిగనే అన్నడు, "మొగోళ్లను ఇడిసిపెట్టి వచ్చినోళ్లకు ఇల్లు కిరాయికిస్తే ఇట్లనే ఉంటది." ఆపా కత్తెర చేతుల పట్టుకోని ఆయన దిక్కు సూసింది. ఆయన తన చెప్పులు ఏడున్నయో ఎతుక్కున్నడు.

అప్పుడు సూసిన నేను ఫౌండేషన్ అంటే ఏందో. మేడం గేటు బయట నిలవడి ఫోన్లు చేస్తనే ఉన్నది. చెవులు వినవడని పిల్లల బడి బస్సు వచ్చింది, మా ఆడోళ్లను ఎక్కిచ్చుకోనీకి. ముసలోళ్ల ఇంట్ల రెండు అర్రలు ఖాళీ జేసి చాపలు పరిసిండ్రు. గోలీల కంపెనీ నర్సమ్మ వచ్చి నా చేతి ఏళ్లకు కట్టు కట్టింది. టీచరమ్మ దుప్పట్లు మోసుకోని ఆటోల వచ్చింది. వీళ్లల్ల ఎవ్వలు నాకు ఎర్క లేరు. నేను ఎవ్వలకు షాలువ కప్పలే. అయినా వచ్చిండ్రు. మంచాలు అక్కడనే మిగిలినయ్, బస్సుల పట్టలే.

నాలుగో దినం మళ్ల దవాఖానకు పోయిన. పిల్ల తలకాయంత కట్టు. నేను మంచం కాడ నిలవడి మొత్తం చెప్పిన. నేను పిలిస్తేనే పటేల్ వచ్చిండు, ఇల్లు గుర్తు నేనే చెప్పిన, ఫ్లెక్సీ సూసి గూడ నోరు మూసుకున్న.

అది ఒక కన్నుతోటి నా దిక్కు సూసింది. "నా కొంగు నువ్వే తీసినవ్" అన్నది. గోడ దిక్కు తిరిగింది. పెద్దమ్మా అని గూడ అన్లే.

వారంకు మేడం మేడ్చల్ల అందర్ని పిలిచి మళ్ల మీటింగు పెట్టింది. ఎప్పటిలెక్కనే గుండ్రంగ కుర్సీలు. ఈసారి చాయ్ ఎవ్వలు ముట్టలే. కంపెనీ సారు అన్నడు, "ఇట్ల పోలీసు కేసులైతే మా పేరు బయటికొస్తది. ఈ ఇంటికి మేము ఇయ్యలేము." ఇంకిద్దరు తలలు ఊపిండ్రు. అందరిది అటే పోతాంది. ఇల్లు మళ్ల దొర్కకపోతే ఆ ఆడోళ్లంత ఎవలింటికి వాళ్లు పోవుడే. అంటే ఎవల కొడవలి కాడికి వాళ్లు.

నేను లేసి నిలవడ్డ. కట్టు కట్టిన చెయ్యి ఎత్తిన.

"తప్పు ఇంటిది గాదు సారు. నాది. మేడం వద్దన్నది నేను చేసిన. పటేల్‌కు తొవ్వ చెప్పిన, షాలువ గప్పిన, వద్దన్న పిల్లను గుంజి ఫొటో దిగిపిచ్చిన. తీస్తే నన్ను తియ్యుండ్రి. ఇల్లు తియ్యకుండ్రి."

పటేల్ మూలకు కూసున్నడు. ఆయన మొఖం ఉడికిచ్చిన ఆలుగడ్డ లెక్క అయింది. లేసిండు. "చౌరస్తల ఫ్లెక్సీ ఆ దినమే నేనే పోయి బ్లేడుతోటి కోసిన. కోస్తుంటె ఆ పిల్ల మొఖం నా చేతుల చినిగింది" అని కూసుండిపోయిండు. తర్వాత కండ్లు తుడుసుకోకుండనే అన్నడు, "నేను మళ్ల ఇస్త. ఇల్లు ఏడనో నాకు చెప్పొద్దు. అడిగినా చెప్పొద్దు."

కంపెనీ సారు మేడం దిక్కు తిరిగి, "ఈమెను మాత్రం పెట్టుకోవద్దు" అన్నడు నన్ను చూపిచ్చి.

మేడం చేతుల బుక్కు మూసింది. "ఈమెను తీసేస్తే రేపటికెల్లి తప్పు జేసినోళ్లెవ్వలు మనకు వచ్చి చెప్పరు. దాసుకుంటరు. దాసుకుంటే ఏమైతదో సూసినం గద" అన్నది. "ఉంటది. గని గేటు తాళంచెవి ఈమె కాడ ఉండదు."

ఆ మాట నన్ను పెనంతోటి కొట్టినట్టు తాకింది. తాకాలె గూడ.

కంపెనోళ్లు ఆ ఏడు పక్కకు జరిగిండ్రు. ఆ జాగ మిగిలినోళ్లు నింపిండ్రు. ఇప్పుడు ఇచ్చేటోళ్లకు మేడం మూణ్ణెల్లకొకసారి ఉత్తరం పంపుతది, పేర్లు లేకుండ, ఊరు లేకుండ. ఒకామె మిషన్ నేర్సింది, ఒకామె సాక్షి చెప్పింది, ఒకామె మళ్ల మొగని కాడికే పోయింది అని గూడ. పటేల్ ఆ ఉత్తరాలు అంగీ జేబుల పెట్టుకోని తిరుగుతడంట.

కొత్త ఇల్లు ఏడున్నదో చెప్ప. గేటుకు నెమళ్లు లేవు, ఏ బొమ్మా లేదు. ఉత్త రేకు. సూరారం పిల్ల దవాఖాన నుంచి అక్కడికే వచ్చింది. సగం చెవు మీదికి జుట్టు దువ్వుకుంటది. వాని కేసు నడుస్తాంది. అది పోయి జడ్జి ముందల వాన్ని ఏలుతోటి చూపిచ్చి వచ్చింది. గేటు తాళంచెవి నాకియ్యి అని మేడంను అదే అడిగింది. కొంగుకు కట్టుకోని తిరుగుతది.

నాతోటి మాట్లాడుతది ఇప్పుడు. ఉప్పు సాలలేదంటది, నీళ్లు అయిపోయినయంటది. పెద్దమ్మా అని మాత్రం ఎన్నడన్న ఒకసారి, మరిసిపోయినప్పుడు.

కూరగాయలు తీస్కోని నేను వచ్చి గేటు కొడ్తే లోపట దాని అడుగుల సప్పుడు ఇనవడ్తది. సందుల కన్ను కానొస్తది.

"ఎవలు?"

"నేనే."

"ఎన్క ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వల్లేరే."

నా గొంతు దానికి ఎర్క, నా మొఖం కండ్ల ముందలనే ఉన్నది. అయినా తియ్యదు. నేను సంచి కింద పెట్టి పక్కకు జరుగుత, ఎన్కకు రోడ్డు మొత్తం దానికి కానరావాలని. అది సూసినంతసేపు సూస్తది. ఎండల నేను నిలవడే ఉంట.